ఇంజనుకు ముగ్గు

ఇవాళ మా మనవడు బైకు ఇంజనుకు పౌడరు చల్లి, ఆయిలు ఎక్కడ కారుతోందో వెతుకుతుంటే అమ్మ గుర్తొచ్చింది.

బావుల మీదికి ఆయిలింజన్లు కొత్తగా వచ్చిన కాలం మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకరోజు మా ఇంజను కింద నల్లటి మడుగు కట్టింది.

"కారేది కిందైనా పుట్టేది పైనుంటాది. తుడిచి ముగ్గు చల్లి చూడు," అంది అమ్మ.

"ఇంజనుకు ముగ్గేయమంటాది మీయమ్మ," అని నాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆయన కింది బోల్టును బిగించీ బిగించీ విరగ్గొట్టాడు. నీళ్లాగి మిరపతోట ఎండింది.

ఆఖరికి పొదిలి నుంచి వచ్చిన మెకానిక్కు బోల్టు మార్చి, ఇంజను తుడిచి, ముగ్గడిగాడు. అమ్మే తెచ్చిచ్చింది. అది చల్లి ఇంజను తిప్పితే, పైమూత నుంచి నల్లటి గీత దిగింది.

"పనోడంటే ఇట్లుండాల," అన్నాడు నాయన.

అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.