మేక ఊపిన ఉయ్యాల

ఈ వయసులో ఒక అబద్ధం ఇంత బరువెక్కుతుందని అనుకోలేదు. ఇన్నేళ్లూ మోశాను. మీకు చెప్పి దించుకుంటాను.

మా పామిడి వైపు ఎవరినడిగినా, చెల్లెలు నాగమ్మను పెంచింది నేనేనంటారు. అలా అనిపించింది నేనే. కరువొచ్చిన ఏడాది అమ్మ రోడ్డు పనికి రాళ్లు కొట్టడానికి పోతే, పసిబిడ్డను భుజాన వేసుకుని పెన్న ఇసుకంతా తిరిగాననీ, రోజూ ఆముదం రాసి కాళ్లూ చేతులూ సాగదీసి నీళ్లు పోశాననీ చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు కథలోకి, బిడ్డను కింద దించకుండానే నేను తరిమికొట్టిన తోడేలు కూడా వచ్చింది. చెప్పేకొద్దీ అదీ పెద్దదయింది.

జరిగింది వేరు. వేపకొమ్మకు వేసిన చీర ఉయ్యాల తాడును మేక కాలికి కట్టాను. మేక అటూ ఇటూ జరిగితే ఉయ్యాల ఊగేది. నేను గోలీలాటకు పోయేవాణ్ణి. అమ్మ వచ్చే వేళకు బిడ్డ నుదుటికీ అరచేతులకూ ఇంత ఆముదం పూసి మెరిపించేవాణ్ణి. నా తెలివికి నాకే ముచ్చట.

ఇప్పుడు నాగమ్మకు మతి నిలవడం లేదు. కన్నకొడుకునే ఎవరప్పా అంటుంది. అనంతపురంలో డాక్టరుకు చూపిస్తే చిన్ననాటి సంగతులూ అడిగాడు. పసితనంలో ఎత్తుకునేవాళ్లు లేక, బెదురుతో పెరిగితే, ముసలితనంలో మతిమరుపుకు అదీ ఒక కారణం కావచ్చట. ఈమెకు దానివల్లేనని మాత్రం ఎవరూ చెప్పలేరట.

నేనేం చేశాను? డాక్టరుకూ తోడేలు కథే చెప్పాను. అన్నీ మరిచిన నాగమ్మకు అదొక్కటీ గుర్తుంది. మా అన్న నన్ను కింద దించనేలేదు సార్ అని మురిసిపోయింది.

కారణం కరువా, వయసా, నేనా అని ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా తేలదు; కానీ ఉయ్యాలలో బిడ్డ ఏడుపు వీధి చివరిదాకా వినిపించేదనీ, విని కూడా నేను గోలీ గురి చూసుకున్నాననీ నాకు తెలుసు.

ఇంటికొచ్చాక ఆమె పాదాలకు ఆముదం రాస్తూ మేక సంగతి మొత్తం చెప్పాను. ఎవరి బిడ్డ కథో అన్నట్టు విన్నది.

“పసిబిడ్డను మేకకు అప్పజెప్పి పోతారా అన్నా? ఎంత ఏడ్చిందో ఏమో.”

“ఏడ్చింది నాగీ. ఇనపడినా నేను రాలేదు.”

“ఆ బిడ్డ ఇప్పుడు యాడుండాది?”

“ఈడనే ఉండాది.”

“మరి ఎత్తుకోపో.”

ఎత్తుకునే బలం నాకిప్పుడు లేదు. ఆమె పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

తోడేలు రాలేదండీ. ఎప్పుడూ రాలేదు. మేక ఒక్కటే ఉన్నింది.