సొంత గొంతు

ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను కాల్గరీలో ఆఫీసుకు వెళ్ళే రైల్లో ఉన్నాను. "అమ్మ పొద్దున్న వెళ్ళిపోయిందిరా. నిద్రలోనే," అన్నారు. ఇంకేదో చెప్పబోయి ఆగి, "నువ్వు రాగలవా?" అని అడిగారు. తరవాతి స్టేషన్‌లో దిగి, ఇంటికి వెళ్ళే రైలెక్కాను. మధ్యాహ్నానికి రెజైనా దారిలో ఉన్నాను.

పోయినావిడ నాకు రక్తసంబంధం కాదు. రెజైనాలో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ, ఆంటీ వాళ్ళ అమ్మ. ఆ బేస్‌మెంట్‌లో ఉండి వెళ్ళిన పిల్లలందరికీ అమ్మమ్మ. మీలో బాగా పెద్దవాళ్ళు ఆవిడ పాత ఫొటో చూస్తే ఇట్టే గుర్తుపడతారు. నలుపు తెలుపు సినిమాల కాలంలో కథానాయిక పక్కన చెలికత్తెగా, చెల్లెలిగా, ఆ తరవాత ఇంకా చిన్నవయసులోనే తల్లిగా చాలా సినిమాల్లో కనబడ్డారు. పేరు మాత్రం రాయడం లేదు. "ఆ పేరు పోస్టర్ల కోసం వాళ్ళు పెట్టింది. నా గురించి ఎప్పుడైనా ఎవరికైనా చెప్పాలనిపిస్తే అమ్మమ్మ అని చెప్పు, చాలు," అన్నారొకసారి.

నేను కెనడా వచ్చిన రోజుల్లో విమానం దిగినవాళ్ళలో సగం మంది మన పిల్లలే. కాలేజీలో సీటు దొరికినంత సులువుగా గది దొరికేది కాదు. ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టిన నంబరుకు జగిత్యాల నుంచే ఫోన్ చేశాను. అటువైపు బరువుగా, బొంగురుగా ఒక గొంతు పలికింది.

"అంకుల్, రూమ్ ఖాళీ ఉందన్నరు..."

"ఉంది బాబూ. అంకుల్ మాత్రం లేరు, పోయి చాలా ఏళ్ళయింది. నేను వాళ్ళావిణ్ణి," అని గట్టిగా నవ్వారు. సిగ్గుతో గబగబా సారీ చెప్పాను. "కంగారుపడకు. అందరూ అలాగే అనుకుంటారు. బట్టలు తక్కువ తెచ్చుకో, ఊరగాయ ఎక్కువ తెచ్చుకో," అన్నారు.

ఆ బేస్‌మెంట్‌లో నాకు తోడు కామారెడ్డి దగ్గరి పల్లె నుంచి వచ్చిన శ్రీకాంత్. పగలు క్లాసులు, మిగతా వేళల్లో నాకు కాఫీ షాపు, వాడికి ఊరి బయట వేర్‌హౌస్. ఆంటీ ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవారు. ఆవిడ బయల్దేరాక ఇంట్లో అమ్మమ్మ ఒక్కరే. నేను పైకి వెళ్ళి కిచెన్ బల్ల దగ్గర కూర్చుంటే, శాలువా కొంగుతో స్టీలు గ్లాసు పట్టుకుని టీ తాగుతూ నా తెలుగును సరిచేసేవారు. మాకు వాక్యం సగంలో వదిలేసే అలవాటు. "అంటే యాక్చువల్లీ అమ్మమ్మా, అది..." అని ఆగిపోతే ఊరుకునేవారు కాదు. "మాటకి ఒక చివరుంటుందిరా. అక్కడిదాకా వెళ్ళు. భయమేస్తే నెమ్మదిగా వెళ్ళు, కానీ వెళ్ళు," అనేవారు. ఫోన్ మోగితే కొప్పు సవరించుకుని, నిలబడి మాట్లాడేవారు. మంచు పడిన పొద్దున మేము పారలు పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే, చీర మీద లావుపాటి కోటు, కాళ్ళకు బూట్లు వేసుకుని మెట్ల మీద నుంచి అజమాయిషీ చేసేవారు.

ఆవిడ సినిమాల్లో చేశారని మాకు తెలియదు. బయటపెట్టింది మా నానమ్మ.

ఒకరోజు కిచెన్‌లో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేశాను. నా వెనక అమ్మమ్మ పోపు వేస్తున్నారు. మా నానమ్మ నన్ను చూడటం మానేసి, "అరేయ్, ఫోన్ గటు తిప్పు. ఆ వెనుకున్నామె ఎవ్వరు?" అంది. తిప్పాను. మా నానమ్మ మంచం మీద నుంచి లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, నువ్వు గా సినిమాల తల్లివి గాదూ! సచ్చిపోయిన పోరన్ని ఒళ్ళె పండవెట్టుకొని ఏడుస్తవు సూడు... నువ్వు ఏడ్సిన ఏడుపు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నదమ్మా."

అమ్మమ్మ స్టవ్ ఆపేశారు. తరవాత దగ్గరికొచ్చి, "నమస్కారమమ్మా. ఇన్నాళ్ళు గుర్తుపెట్టుకున్నావు, సంతోషం," అన్నారు.

మా నానమ్మ ముఖంలో అయోమయం. "గొంతేంది గట్లున్నది? సలికి పట్టేసిందా?" అని నన్నడిగింది.

నేను నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు. ఆ రోజు కాదుగానీ, కొన్ని వారాలు పోయాక ఆవిడే చెప్పారు.

వాళ్ళ నాన్న ఊరూరా తిరిగే నాటక సమాజంలో ఉండేవారట. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో మైకుల్లేని రోజుల్లో ఈవిడ పద్యం పాడితే ఆఖరి వరసలో బండ్ల మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేదట. ఆ గొంతు విని, ఆ ముఖం చూసి ఒక నిర్మాత మద్రాసు రమ్మన్నాడు. తీరా అక్కడికి వెళ్ళాక, ముఖం బాగుంది, గొంతు మైకుకి పనికిరాదు అన్నారు. ఆడపిల్ల గొంతు ఇంత బరువుగా ఉంటే జనం నవ్వుతారన్నారు. అలా మొదటి సినిమా నుంచి ఆవిడకు ఇంకొకావిడ మాట్లాడింది. సన్నటి, తియ్యటి గొంతు. ఆ గొంతు మీద అమ్మమ్మకు ఎన్నడూ కోపం లేదు. "ఆవిడ తప్పేముందిరా? అన్నం కోసం ఆవిడ మాట్లాడింది. అన్నం కోసం నేను పెదవులు కదిపాను," అనేవారు.

అమ్మమ్మకు పెళ్ళయింది, ఒక కొడుకు పుట్టాడు. వాడికి మూడో ఏడు వచ్చాక జ్వరం తగిలి, రెండు రోజుల్లో పోయాడు. అప్పటికే ఒప్పుకున్న సినిమా ఒకటి సగంలో ఉంది. సెట్టు అలాగే నిలబడి ఉంది. మైల తీరగానే కారు పంపారు. ఆవిడ చేయాల్సిన సన్నివేశం, చనిపోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల్లి ఏడవడం.

"రాసిచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఏం అన్నానో నాకే తెలీదు. మా వాడి పేరే పెట్టి పిలిచానట. దీపాలు పట్టుకునే కుర్రాళ్ళు ఏడ్చారు. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు," అన్నారు అమ్మమ్మ.

అయ్యాక ఆవిడ డైరెక్టరు దగ్గరికెళ్ళి జీవితంలో మొదటిసారి ఒకటి అడిగారట. ఈ ఒక్కచోట నా గొంతు ఉంచండి, అని. ఆయన కళ్ళు తుడుచుకుంటూ అలాగేనమ్మా అన్నాడు.

సినిమా వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉదయం ఆటకు వెళ్ళారు. ఆ ఘట్టం వచ్చింది. తెర మీద ఆవిడ ముఖం. ఆ ముఖం నుంచి సన్నటి గొంతు, లయగా, ముద్దుగా ఏడుస్తోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. అమ్మమ్మ లేచి బయటికి వచ్చేశారు.

"నా పిల్లాడి కోసం నేను ఏడ్చిన ఏడుపు కూడా నాకు మిగల్లేదురా," అన్నారు. ఆ మాట కూడా మామూలుగానే అన్నారు, టీ గ్లాసు కడుగుతూ. ఒప్పుకున్నవి పూర్తిచేసి ఆవిడ సినిమాలు మానేశారు. తరవాత ఆంటీ పుట్టారు. భర్తకు ఇక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం వస్తే, ముగ్గురూ ఈ చలిలోకి వచ్చేశారు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

నా రెండో శీతాకాలంలో శ్రీకాంత్ పోయాడు. తెల్లవారుతుండగా వేర్‌హౌస్ నుంచి వస్తుంటే హైవే మీద ఐసుకు కారు జారింది. పోలీసులు వచ్చి ఆంటీకి చెప్పారు, ఆంటీ మాకు చెప్పారు. వాళ్ళ నాన్నకు నేనే ఫోన్ చేశాను. ఆయన విన్నాడు. "వాళ్ళమ్మకు నేను జెప్పలేను కొడుకా. నాతోని గాదు. మీరే జెప్పున్రి," అని పెట్టేశాడు.

గంటలోపే వాళ్ళమ్మ నుంచి ఫోన్. బేస్‌మెంట్‌లో మేము ఏడెనిమిది మంది స్నేహితులం ఉన్నాం. "వీడు ఫోన్ ఎత్తుతలేడు బిడ్డా. ఈన జూస్తే ఏం మాట్లాడక గోడకు ఆనుకొని కూసున్నడు. ఏమైంది?" అంటోంది. నేను నోరు తెరిచాను. "అమ్మా, అంటే... శ్రీకాంత్..." అని ఆగిపోయాను. పక్కవాడు ఫోన్ లాక్కుని, "బానే ఉన్నడమ్మా, హాస్పిటల్ల..." అనబోయాడు.

మెట్ల మీద చప్పుడైంది. మోకాళ్ళ నొప్పులతో ఎన్నడూ బేస్‌మెంట్‌లోకి దిగని అమ్మమ్మ, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వస్తున్నారు. వచ్చి శ్రీకాంత్ మంచం మీద కూర్చుని చెయ్యి చాపారు. ఫోన్ ఇచ్చాం.

"అమ్మా, నేను ఈ ఇంటి అమ్మమ్మని. నీ పక్కన ఎవరైనా ఉన్నారా? కూర్చో తల్లీ. కూర్చున్నావా?" ఆగారు. "నీ కొడుకు లేడమ్మా. తెల్లారకట్ల కారు జారి పోయాడు."

అటువైపు నుంచి వచ్చిన కేక గదిలో అందరికీ వినబడింది. అమ్మమ్మ ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యలేదు. ఊరుకో అనలేదు, దేవుడనలేదు. "ఏడువమ్మా. నేనున్నాను. నాకూ ఒకడు పోయాడు, మూడేళ్ళవాడు," అన్నారు. ఆ బరువైన గొంతు విరిగిపోయింది. దాన్ని ఏడుపని ఎలా చెప్పను, దుంగ చీలుతున్నట్టుంది. లయ లేదు, అందం లేదు. మేమంతా గోడలకు చేరబడి తలలు వంచుకున్నాం. మా నానమ్మకు చెవులలో మిగిలిన ఏడుపు ఇది కాదు.

చివరికి వాళ్ళమ్మ ఒకటే అడిగింది. "తినే పోయిండా అమ్మా, పనికి?"

"తినే వెళ్ళాడమ్మా. నేనే పెట్టాను. వంకాయ కూర. మళ్ళీ వేయించుకున్నాడు," అన్నారు అమ్మమ్మ. అది నిజం. నేను చూశాను.

ఆ తరవాత ప్రతి ఆదివారం అమ్మమ్మ ఆమెకు ఫోన్ చేసేవారు. మొదట్లో ఇద్దరూ ఏడ్చేవారు. పోనుపోను బీడీలు చుట్టి వేళ్ళు లాగుతున్నాయనీ, చిన్నదానికి సంబంధం చూస్తున్నారనీ ఆమె చెప్పేది. ఇక్కడ మైనస్ ముప్ఫై అని ఈవిడ చెప్పేవారు. వీడియో పెట్టుకోండమ్మమ్మా, నేను నేర్పిస్తానన్నాను ఒకసారి. వద్దన్నారు. "కెమెరా ముందుకొస్తే ఈ ముఖం దానంతటదే సర్దుకుంటుందిరా, పాడలవాటు. ఆవిడ దగ్గర అది వద్దు."

నాకు కాల్గరీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక కూడా ఆ ఆదివారాలు ఆగలేదని ఆంటీ చెప్పేవారు.

అంత్యక్రియలకు సినిమావాళ్ళెవరూ రాలేదు, రావడానికి ఎవరికీ తెలియదు. పిల్లలు వచ్చారు. షిఫ్టు నుంచి నేరుగా, కోట్ల కింద షాపుల యూనిఫాంలతోనే. నేనెరగని కొత్త ముఖాలే ఎక్కువ. ఆంటీ కొడుకు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. అమ్మమ్మ నటి అని తనకు నిన్ననే తెలిసిందని ఇంగ్లీషులో నాతో చెబుతూ ఏడ్చాడు.

సాయంత్రం ఆంటీ నన్ను పక్కకు పిలిచారు. "శ్రీకాంత్ వాళ్ళమ్మకి చెప్పాలి. నా వల్ల కాదు. ఎల్లుండి ఆదివారం, ఎదురుచూస్తూ ఉంటుంది," అన్నారు.

కిచెన్‌లో నిలబడి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. ఆమె గొంతు వినగానే చెప్పాను. "అమ్మా, అమ్మమ్మ నిన్న పొద్దుగాల చనిపోయింది. నిద్రల్నే పోయింది."

ఆమె ఏడవలేదు. "తిప్పలు పడలేదు గద?" అంది.

"లేదమ్మా."

"బిడ్డా, ఒక ఫొటో ఉంటె పంపుతవా? గిన్ని దినాలు మాట్లాడుకున్నం గని, ఆమె మొకం ఎట్లుంటదో నేనెన్నడు సూడలె. గొంతే ఎరుక," అంది.

నా ఫోన్‌లో రెండు ఫొటోలున్నాయి. ఒకటి ఎక్కడో దొరికిన పాత సినిమా ఫొటో. కాటుక కళ్ళు, జడలో పూలు, ఎవరైనా చూపు తిప్పుకోలేనంత అందం. రెండోది మంచు పడిన పొద్దున మేము తీసింది. చీర మీద కోటు, నెత్తిన ఉన్ని టోపీ, వెలుతురికి చికిలించిన కళ్ళు, ఏదో గట్టిగా అంటూ సగం తెరిచిన నోరు. రెండోదే పంపాను.

చూస్తున్నట్టుంది.

"గీమెనా," అంది చివరికి. "గొంతు లెక్కనే ఉన్నది మొకం."

ఆ తరవాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టలేదు. అటు ఎవరో వాకిట్లో నీళ్ళు చల్లుతున్న చప్పుడు. ఒక్కో చెంబూ నేలకు తగిలి చెదిరిపోవడం వింటూ నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను.