గండికోటలో హోల్డాన్

దయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాను. బందరు, గుడివాడ, అవనిగడ్డ రూట్లలో తిరిగి తిరిగి అరికాళ్లు అరిగిపోయాయి. ఆ రూట్లలో ఒకచోట శ్మశానం గోడ పక్కనే స్టాపు ఉండేది. అక్కడ తెల్లచీర ఆవిడ చెయ్యెత్తుతుందని మా డ్రైవర్లు కథలు చెప్పేవాళ్లు. చెయ్యెత్తితే ఆపండయ్యా, టికెట్ కొడతాను అనేవాణ్ణి. నా సర్వీసులో ఒక్క దయ్యం కూడా ఎక్కలేదు.

ఇది దయ్యం కథ కూడా కాదు. ఏం కథో నాకే తెలియదు. మా చెల్లెలు సైదాబీకి, నాకు మధ్య ఒక సాయంత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

నా పేరు నాగుల్ మీరా. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కింది. సుబ్బారావు అని నాకు తెలిసిన డ్రైవరుకి సొంత మినీ బస్సు ఉంది. ఇద్దరం కలిసి ట్రిప్పులు వేయడం మొదలుపెట్టాం. బండి తనది. మనుషుల్ని పోగు చేయడం, టిఫిన్లు చూడటం, ఎక్కడా ఎవరూ తప్పిపోకుండా తలలు లెక్కపెట్టడం నా పని.

గండికోట ట్రిప్పు అనగానే జనం ఎగబడ్డారు. ఎందుకంటే మాది పల్లపు దేశం. దివిసీమలో ఎత్తు అంటే కృష్ణ ఒడ్డున పోసిన మట్టి కరకట్టే. అటువైపు ఎక్కి ఇటువైపు దిగిపోవడమే మా కొండెక్కడం. పెన్నానది కొండని నిలువునా కోసుకుంటూ పోయిన లోయని ఫోన్లో చూసి నోళ్లు తెరిచినవాళ్లే అందరూ. గుడివాడలో ఎనిమిదిమంది, బందరులో తొమ్మిదిమంది, అవనిగడ్డలో అయిదుగురు ఎక్కారు. మొత్తం ఇరవై రెండు. నన్నూ సుబ్బారావునీ నేను లెక్కలో వేయను. కండక్టరు తనని తాను ఎప్పుడూ లెక్కపెట్టుకోడు.

అవనిగడ్డలో ఎక్కిన అయిదుగురిలో ఒకరు మా సైదాబీ. నాకంటే నాలుగేళ్లు చిన్నది. అక్కడ జాకెట్లు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించింది. జీవితంలో కొండ చూడలేదు.

చిన్నప్పుడు మా ఆట ఒకటే, బస్సాట. నేను కండక్టర్ని, తను బస్సు. నా చేతిలో పాత కిరోసిన్ డబ్బా ఉండేది. దాని మీద ఒక దెబ్బ వేసి "హోల్డాన్!" అంటే ఆగాలి. రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్" అనేదాకా కదలకూడదు. ఒకసారి నేను హోల్డాన్ అని, మంచినీళ్లు తాగడానికి ఇంట్లోకి వెళ్లి ఆటే మర్చిపోయాను. మా అమ్మ వెతుక్కుంటూ వస్తే ఎర్రటి ఎండలో అలాగే నిలబడి ఉందట. అంత మొండిది.

ముందురోజు బయల్దేరినవాళ్లం పొద్దున్నే జమ్మలమడుగు చేరి టిఫిన్లు చేసి, తొమ్మిదింటికల్లా గండికోటలో ఉన్నాం. రమణ అని అక్కడి గైడుని కుదుర్చుకున్నాం. అతను మెడలో తువ్వాలు వేసుకుని కోట, ధాన్యపు కొట్టు, మసీదు అన్నీ చూపించి చివరికి లోయ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎర్రటి బండరాళ్లు పేర్చినట్టున్నాయి. అడ్డంగా కంచె లేదు, గోడ లేదు. రాయి అయిపోయిన చోట గాలే. ఎంతో కింద పెన్నా.

రమణ మా చేత కేకలు వేయించాడు. పిలిచినవాళ్ల పిలుపు అవతలి గట్టుకి తగిలి తిరిగి వస్తోంది. చిన్నపిల్లల్లా అందరూ పేర్లు పెట్టి అరిచారు. "మీరా గారూ, మీరొకటి వేయండి" అని సుబ్బారావు ఎగదోశాడు. నేను ఊపిరి పీల్చుకుని "హోల్డాన్!" అన్నాను. అది తిరిగి రాలేదు. అందరూ చెవులు రిక్కించారు. రాలేదంతే. "మీ కేక లోయ మింగేసిందండీ" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వుల్లో సైదాబీ ఫోను పట్టుకుని అంచు దాకా వెళ్లిపోయింది. ఫోటో కోసం. నాకు భయం వేస్తే కోపంగా బయటికొస్తుంది, అది నా జబ్బు.

"బుద్ధుందా నీకు? ఇదేమన్నా కరకట్టనుకున్నావా దిగిపోవడానికి? ఇంకొక్క అడుగేస్తే ఎముకలు కూడా దొరకవు!" అని ఇరవైమంది ముందు అరిచేశాను.

తన మొహం ఎర్రబడింది. "ఇంతమందిలో నన్నట్టా అరుస్తావా అన్నయ్యా? ఇంక నీతో మాట్లాడితే ఒట్టు" అంది.

"మాట్లాడకపోతే మానెయ్" అన్నాను నేను.

పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. భోజనాల దగ్గర తను అటు తిరిగి కూర్చుంది. నేనూ పట్టించుకోలేదు. తిన్నాక రెండు గంటలు ఎవరికి వాళ్లు తిరగండి, నాలుగున్నరకి బస్సు దగ్గరుండాలి అని చెప్పాను.

నాలుగింటికి మబ్బు పట్టింది. గాలి మొదలైంది. వాన ముదరకముందే ఘాట్ రోడ్డు దాటాలని సుబ్బారావు తొందరపెట్టాడు. అందరూ ఎక్కారు. నేను మెట్టు మీద నిలబడి వెనక నుంచి ముందుకి లెక్కపెట్టాను. ఇరవై రెండు. మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై రెండే. "రైట్" అన్నాను. నాలుగూ యాభై అయిదుకి బయల్దేరామని నా నోటుబుక్కులో రాసుకున్నాను. పాత అలవాటు, ఎక్కడ ఆగినా టైము రాస్తాను.

ఇక్కడే నేను చేసిన ఘోరం చెప్పాలి. కండక్టర్లు తలలు చూస్తారు, మొహాలు చూడరు. ఆ రోజు నేను చూడకూడదనే చూడలేదు. వెనక వరుస కిటికీ పక్కన సైదాబీ సీట్లో ఒక తల కనపడింది. ఇంకా అలిగే ఉందిలే అనుకుని కళ్లు తిప్పేసుకున్నాను.

ఏడు కిలోమీటర్లు వచ్చాక వెనక నుంచి ఎవరో "సార్, నేను దిగుతా" అన్నారు. చూస్తే గైడు రమణ. బైకు రిపేరులో ఉందట, దారిలో వాళ్ల ఊరి దగ్గర దిగుదామని సుబ్బారావుతో చెప్పి ఎక్కాడట. వాన చినుకులు పడుతున్నాయని తల మీద తువ్వాలు కప్పుకున్నాడు. దింపాం. అయిదూ పది అని రాసుకున్నాను. "రైట్" అన్నాను. బస్సు కదిలింది.

మనిషి దిగితే లెక్క సరిచూసుకోవడం కూడా అలవాటే. వెనక నుంచి మొదలుపెట్టాను. కిటికీ పక్క సీటు ఖాళీ. రమణ లేచిన సీటు అదే. దాని కింద సైదాబీ సంచీ ఉంది.

తలుపు రేకు మీద ఒక్క దెబ్బ వేసి "హోల్డాన్!" అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. సుబ్బారావు బ్రేకు మీద నిలబడ్డాడు. అందరూ ముందుకి తూలారు. అరిచేయి కమిలిపోయింది, అది తర్వాత చూసుకున్నాను.

వెంటనే సైదాబీకి ఫోను చేశాను. ఫోను మోగింది, మా బస్సులోనే. డ్రైవరు పక్కన ఛార్జింగుకి పెట్టుకుంది.

బండి తిప్పుతుండగా రమణ రోడ్డు మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోను. గొర్రెలు కాసే ఓబులేసు అనే అతను చేశాడట. "సార్, మీ బస్సు ఆయమ్మ ఎవురో లోయ అంచు కాడ కూచ్చోనుందంట. పిలిస్తే పలకల్యాదంట. దగ్గరికి పోవాలంటే వాడికి బయమంట" అన్నాడు. అంతలో సిగ్నల్ పోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

ఆ ఏడు కిలోమీటర్లు నేను ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. వాన బాగా పట్టింది. అద్దం మీద వైపరు కొట్టుకుంటోంది. పొద్దున నేనన్న మాట, ఎముకలు కూడా దొరకవు అన్న మాట, అదే తిరుగుతోంది బుర్రలో. నా నోరు పడిపోనూ అనుకున్నాను. అల్లాకి నేను ఏమేం మొక్కుకున్నానో ఇక్కడ రాయను.

కోటలోంచి పరిగెత్తాం, నేనూ రమణా. పొద్దున ఫోటోలు దిగిన చోటు కాదు, దానికి ఇంకా అవతల. వెలుతురు ఇంకా ఉంది. దూరం నుంచే కనపడింది. ఒక రాయి మీద కూర్చుని ఉంది, వీపు మా వైపు. బట్టలు తడిసి ముద్దయ్యాయి. కాళ్ల ముందు పొదలు. ఆ పొదల వెనక ఏమీ లేదు. రాయి అక్కడితో ఆఖరు.

ఓబులేసు కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "ఆయమ్మ నేరుగా అంచుకే పోతాండె సార్. నేను ఈడ్నే ఉండి గొంతు చించుకోని అరిచినా ఇనపళ్ల్యా. పరిగెత్తి పట్టుకుందామంటే అందేటట్టు లేదు. ఇంగొక్క అడుగు. ఉన్నట్టుండి ఎవురో కొంగు పట్టుకోని లాగినట్టు నిలబడిపాయ. ఆ పైన అట్నే రాయి మింద కూలబడింది. అప్పుడే రమణన్నకు ఫోన్ చేసినా."

"సైదా" అని పిలిచాను. తిరగలేదు. "అమ్మా సైదా, నేనే, లేచి రా." కదల్లేదు. బిగుసుకుపోయి ఎదురుగా చూస్తోంది. ఒట్టు పెట్టుకుంది కదా, అందుకు పలకడం లేదా అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఉలిక్కిపడి ముందుకి జారుతుందేమోనని భయం. 

ఎందుకు తోచిందో తెలియదు. పక్కనున్న బండ మీద అరిచేత్తో రెండు దెబ్బలు వేశాను. "రైట్ రైట్" అన్నాను.

సైదాబీ లేచింది. వెనక్కి తిరిగి, అడుగు చూసుకుంటూ మెల్లగా నా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకుంది. ఇద్దరం ఆ వానలో బావురుమన్నాం. రమణ, ఓబులేసు అటు తిరిగి నిలబడ్డారు.

బస్సులో టీ తాగించాక చెప్పింది. నా మీద కోపంతో దూరంగా ఒక బండ చాటున కూర్చుంటే నిద్ర పట్టేసిందట. లేచేసరికి మబ్బు, గాలి, ఎవరూ లేరు. కంగారులో దారి తప్పింది. పొదల అవతల పచ్చగా నేల, దారీ కనపడ్డాయట. అది అవతలి గట్టు. మధ్యలో లోయ ఉందని తోచలేదు. పొదలు దాటితే కరకట్ట దిగినట్టు దిగిపోయి ఆ దారి పట్టుకోవచ్చనుకుంది. మా ఊళ్లో పుట్టినవాళ్లే అలా అనుకుంటారు.

"అప్పుడే నువ్వు రేకు మీద ఒక్క దెబ్బ వేసి హోల్డాన్ అన్నావు కదా. ఆగిపోయాను" అంది.

"మరి ఓబులేసు అరిస్తే వినపడలేదా?"

"ఎవరూ అరవలేదు, నువ్వే."

"మేం పిలిస్తే లేవలేదేం?"

నా వంక విచిత్రంగా చూసింది. "నువ్వు రైట్ అనలేదుగా అన్నయ్యా."

నేను అప్పుడు ఏడు కిలోమీటర్ల అవతల ఉన్నానని ఆ పూట తనకి చెప్పలేదు.

తర్వాత రమణని అడిగి అతని ఫోను చూశాను. ఓబులేసు ఫోను వచ్చింది అయిదూ పన్నెండుకి. నా బుక్కులో రమణని దింపింది అయిదూ పది. నేను అరిచింది ఆ రెంటి మధ్యే.

సుబ్బారావు అంటాడు, పొద్దున లోయ మింగేసిన కేక సాయంత్రం కక్కిందని. సరదాకి అంటాడో నిజంగా అంటాడో. కానీ పొద్దున నేను రేకు మీద కొట్టలేదు. ఆ రాళ్లలో రేకు ఎక్కడిది? గాలి మోసుకొచ్చిందంటాడు మా అబ్బాయి. నా అరుపు గాలి మోసుకొస్తే దగ్గర్లోనే ఉన్న ఓబులేసుకి వినపడాలి కదా. అతన్ని మూడుసార్లు అడిగాను. తన అరుపు తప్ప ఏమీ వినలేదన్నాడు. భయంలో మనసు సృష్టించుకుందని డాక్టరుగారు ఒకాయన అన్నారు. అయి ఉండొచ్చు. కానీ సరిగ్గా ఆ నిమిషానికేనా?

ఇప్పుడు ట్రిప్పుల్లో తలలు లెక్కపెట్టడం మానేశాను. ఒక్కొక్కరి మొహం చూసి పేరు పెట్టి పిలుస్తాను. ఇదేం చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీండి. సైదాబీతో ఇప్పటికీ గొడవ పడతాను. గొంతు లేస్తే మా ఆవిడ ఊరుకోమంటుంది. సైదాబీ మాత్రం, "అరవనీ వదినా, వినపడుతోంది" అంటుంది.

నేను ఆ రోజు అరిచింది బస్సు ఆపడానికి. బస్సు ఆగింది. అది నాకు అర్థమవుతుంది. మా చెల్లెలు ఎందుకు ఆగిందో మాత్రం ఎంత ఆలోచించినా ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.