చెయ్యి వదలని కాగితం

మా అమ్మ ఏ కాగితమైనా ఎదుటివాళ్ళకు చూపించేదే గానీ ఇచ్చేది కాదు. ఒక మూల తన వేళ్ళ మధ్య బిగించి పట్టుకునేది. చదివేవాళ్ళు వంగి చదువుకోవాల్సిందే. ఆమె చిన్నప్పుడు భీమిలి దగ్గర మా తాత జీడితోట పట్టాను ఊరి కరణం "సూసి ఇచ్చెత్తాను" అని పట్టుకెళ్ళాడట. పట్టా తిరిగి రాలేదు, తోటా మిగల్లేదు.

నాన్న మల్కాపురంలో ఒక ప్రభుత్వ గోదాముకు కాపలాదారు. ఎనభైల మొదట్లో ఆయన పోయాక అమ్మ కుటుంబ పింఛనుకు అర్జీ పెట్టింది. ఆయన పర్మనెంటు కాదు, రోజుకూలీ మనిషేనని ఆఫీసువాళ్ళు తేల్చేశారు. పర్మనెంటు చేస్తూ ఇచ్చిన ఆర్డరు మా దగ్గరుంది. ఆఫీసులో ఉండాల్సిన దాని నకలు మాత్రం కనిపించడం లేదట. కనిపించకుండా ఎవరు చేశారో! అనుమానాల్లో నేనేమీ అమ్మకు తీసిపోను.

కోర్టుకెళ్దామన్నాను. సరేగానీ ప్లీడరు వద్దంది అమ్మ. ప్లీడరైతే ముందు కాగితాలన్నీ తన దగ్గర పెట్టుకుంటాడు. అవతలివాళ్ళతో కలిసిపోడని ఏమిటి నమ్మకం? పదో తరగతి పాసై ఇంట్లో కుట్టుమిషను తొక్కుకుంటున్న నేనే దావా రాశాను. మూడుసార్లు చదివించుకుని మరీ అమ్మ వేలిముద్ర వేసింది.

ఆర్డరుకు జెరాక్స్ తీయిద్దామని మద్దిలపాలెం వెళ్ళాం. కొట్టతను కాగితాన్ని అద్దం మీద పెట్టించి మూత దించబోతే అమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"మూత ఎయ్యకు బాబూ. లోపలేటి సేత్తావో నాకేటి తెల్సు?"

అతను నవ్వాడు. ఎందుకు నవ్వాడా అని మా ఇద్దరికీ అనుమానం ఇంకా పెరిగింది. ఇంటికొచ్చి నా చేత్తోనే నకలు రాసి దావాతో పెట్టాను. సీలు కూడా గుండ్రంగా గీశాను. ఆ బుర్రతక్కువ పనికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కోర్టులో ప్రభుత్వ ప్లీడరు ఆ గుండ్రాన్ని చూపించి, ఈ నకలు చెల్లదన్నాడు. జడ్జిగారు ఓపికగల మనిషి. అసలు ఆర్డరు దాఖలు చేయమని రెండు వాయిదాలిచ్చారు. మూడోసారి అమ్మ రొంటిన దోపుకున్న గుడ్డసంచిలోంచి దాన్ని తీసి ఎత్తి పట్టుకుంది.

"అది కోర్టుకివ్వమ్మా. రసీదు రాయిస్తాను. కేసయ్యాక మళ్ళీ తీసుకోవచ్చు," అన్నారు జడ్జిగారు.

"నా సేతిలో ఉండగానే సూడండి బాబూ. నానిడవను."

బంట్రోతు చెయ్యి చాచాడు. అమ్మ వెనక్కి జరిగింది. నాకు భయమేసింది. ఆ ఒక్కటి ఇస్తే బతికినన్నాళ్ళూ ఆమె తిండికి ఎవరినీ అడగక్కర్లేదు. "ఇచ్చెయ్యమ్మా," అంటూ రెండో మూల పట్టుకుని లాగాను. అమ్మ నా వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, కాగితాన్ని సంచిలో పెట్టేసుకుంది. జడ్జిగారు రుజువు లేదని దావా కొట్టేశారు.

బస్సులో అమ్మ నా పక్కన కూర్చోలేదు. మల్కాపురంలో దిగాక అడిగింది.

"ఆ బంట్రోతోడు నీకేటిత్తానన్నాడే?"

బస్టాపులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. అమ్మ ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

పై కోర్టుకెళ్దామని తర్వాత చాలాసార్లు చెప్పి చూశాను. దానికి ఆ ఆర్డరే కావాలి. నేను వీధికుళాయికి వెళ్ళినప్పుడల్లా అమ్మ దాని చోటు మార్చేసేది.