గుహ ముందు బావ పాతిన పుల్ల

గుహ ముందు బావ పాతిన పుల్ల మా కళ్లముందే కొట్టుకుపోయింది. ఆ వెనకే వచ్చిన అల లోపలిదాకా దూరి వెనక గోడను గుద్దింది. ఆ దెబ్బ చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది. పైకప్పు నుంచి నీళ్లు వానలా రాలాయి. నడుములోతు నురగలో అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. భయపడాల్సింది పోయి నేను తలెత్తి చూస్తూ ఉండిపోయాను. నీటిమీది వెలుగు రాతి కప్పంతా పాకుతోంది.

"బయటికొచ్చీండి బాబూ! పోటొచ్చేత్తంది, కనబడ్డం లేదేటి?" పార్కు కాపలాదారు పైనుంచి అరిచాడు.

అల వెనక్కి తగ్గగానే ముగ్గురం చేతులు పట్టుకుని బయటపడి మెట్లెక్కాం.

అక్కాబావలది పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. అక్కడ వరదొస్తే నీటి అంచున పుల్ల పాతుతారు. మునిగితే ఏరు ఎక్కుతున్నట్టు, పొడిగా మిగిలితే తీస్తున్నట్టు. తీయడం మొదలైందంటే పొయ్యి వెలిగించుకోవచ్చు. భద్రాచలంలో విలేకరిగా ఉన్నన్నాళ్లూ, వరద వార్త పంపేముందు నేనూ బావకు ఫోన్ చేసి పుల్ల సంగతి అడిగేవాణ్ని.

ఆ పుల్ల మీది నమ్మకంతోనే బావ కొత్త ఇల్లు ఏటి పక్క చేలో కడతానన్నాడు. రోడ్డు పక్క మెరకలో కట్టాలని అక్క పట్టు. ఆయన పునాది తవ్వించాడు, ఆమె మేస్త్రీని వెనక్కి పంపింది. నాలుగు రోజులు ఊరు మారితే చల్లబడతారని ఇద్దరినీ విశాఖ తీసుకొచ్చాను.

ఆ పొద్దున సముద్రం ఒడ్డున ఉన్న పార్కు మెట్లు దిగి గుహ దగ్గరికి వచ్చాం. ఎవరూ తొలిచింది కాదు, సముద్రమే కొండను తిని చేసుకున్న గది. బావ ఒక సరుగుడు పుల్ల ఇసుకలో గుచ్చి నిలబడ్డాడు. నీళ్లు దాన్ని తాకకుండా వెనక్కి పోతున్నాయి.

"తీస్తున్నది బామ్మర్దీ. పా, భయం లేదు."

"సముద్రం గూడ నీ మాట ఇంటదా ఏంది?" అంది అక్క.

"నీ లెక్క గాదు, ఇంటది."

నవ్వుకుంటూ లోపలికి వెళ్లాం. గోడలు అరిగి అరిగి చల్లగా, నున్నగా ఉన్నాయి. ఎక్కడో రాతి అడుగున నీళ్లు తిరుగుతున్న చప్పుడు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. తీసిన నీళ్లు అదే పూట మళ్లీ రావడం ఏటి ఒడ్డున మేమెప్పుడూ చూడలేదు.

పైకెక్కాక బావ తడిబట్టలతోనే రాతిమీద కూర్చున్నాడు. మేం చూస్తుండగానే గుహ నోరు మునిగిపోయింది. అల కొట్టినప్పుడల్లా రాతి సందుల్లోంచి నీళ్లు పొగలా లేచేవి.

"రోజూ గిట్లనేనా?" కాపలాదారును అడిగాడు.

"రోజూ అంతేనండి. ఎల్తాది, వత్తాది."

బావ సముద్రం వైపు చేతులు జోడించాడు. అక్క చీర కొంగు పిండుకుంటూ, "గట్లయితె ఇల్లు?" అంది.

"ఊకోయే. సూడనీ."

ఊరికి తిరిగొచ్చాక వానలు మొదలయ్యాయి. చేలో పునాది గుంట అట్లాగే ఉంది. బావ దాన్ని పూడ్చలేదు, అందులో రాయీ దించలేదు. రోడ్డు పక్క జాగాలో అక్క పోయించిన ఇసుకను కూడా ఎవరూ ముట్టుకోలేదు.