అత్తమ్మతో మదురై కౌన్సెలింగ్‌కి

జ్వరంతో మా ఆవిడ సరోజ పుట్టింట్లోనే పోయి ఎనిమిది నెలలయింది. ఆ తరువాత డెబ్బై నాలుగేళ్ళ అత్తమ్మను కోయంబత్తూరు దగ్గర కారమడైలోని మా ఇంటికే తీసుకొచ్చాను. తమిళనాట మా తెలుగు ఇళ్ళలో పాత ఆచారం ఒకటుంది: అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, నేరుగా మాట్లాడదు. ఇరవై నాలుగేళ్ళు మా ఇద్దరి మధ్య మాటలు మోసింది సరోజే. ఆమె పోయాక ఇల్లు మూగబోయింది. అత్తమ్మ తిండి తగ్గించారు, నాకు నిద్ర కరువైంది. కోయంబత్తూరులో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి, తమిళంలో 'బాగానే ఉన్నాను' అని మర్యాదగా చెప్పి వచ్చేశాను. చూసి చూసి మా అమ్మాయి కావ్య, మన ఇంటి తెలుగు మాట్లాడే కౌన్సెలర్ మదురైలో ఉన్నారని కనుక్కుని, ఇద్దరికీ కలిపి సమయం తీసుకుంది.

తోడు వస్తానన్న కావ్యకు ఆఖరి నిమిషంలో ఆఫీసు పని తగిలింది. ఇక మేమిద్దరమే. ఉదయం ఐదుకు బస్సెక్కితే ఆరుకు కోయంబత్తూరు గాంధీపురం స్టాండు. మదురై బస్సు కోసం అక్కడినుంచి సిటీ బస్సులో సింగానల్లూరు స్టాండుకు పోవాలి. ఆ సంగతి తెలిసీ గాంధీపురంలోనే పావుగంట వెతికాను, మనసు మనసులో లేదు. ఏడింటికి బస్సు దొరికింది, టికెట్టు మనిషికి రెండు వందల లోపే. అత్తమ్మ ముందు సీట్లో, నేను నాలుగు వరుసల వెనక.

పల్లడం, ధారాపురం దాటాక ఒట్టన్‌చత్రంలో పది నిమిషాలు ఆపారు. కూరగాయల మూటల మధ్య నిలబడి, టీ తాగుతారా అని ఆమెను అడగలేక కండక్టరును బతిమాలాను. ఆయన వెళ్ళొచ్చి, "అవ్వకి చక్కెర వద్దంట సార్. మీరు ఏమైనా తిన్నారా అని అడుగుతోంది," అని తమిళంలో చెప్పి నవ్వాడు. యాభై దాటిన మనిషిని, సిగ్గేసింది. సంతోషమూ వేసింది.

పన్నెండున్నరకు ఆరపాళయం స్టాండులో దిగి, పక్కనే మెస్‌లో భోంచేసి, ఆటోలో రెండింటికి చేరాం. కౌన్సెలర్ మా కావ్యకు పిన్ని వయసు మనిషి. గంటసేపు ఇద్దరమూ "ఏమీ లేదమ్మా" అనే అన్నాం. ఆమె విసుక్కోలేదు. లేచి మా కుర్చీలు తిప్పారు.

"పెద్దమ్మ కిటికీ దిక్కు చూడండి, అన్న తలుపు దిక్కు. మీరు మాట్లాడుకోవద్దు. నాతో చెప్తే చాలు."

మా ఆచారాన్ని తప్పు పట్టకుండా, దాన్నే పట్టుకుని దారి చేశారు. నా వెనకనుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. అల్లుణ్ణి మాపిళ్ళై అనడం మా ఇళ్ళలో అలవాటు.

"మాపిళ్ళైని అడుగమ్మా. జరం వచ్చిన బిడ్డకి రెండు దినాలు కషాయమే ఇచ్చి ఇంట్లోనే పెట్టుకుంటిని. అందుకే కదా నా మీద కోపం?"

"కాదని చెప్పమ్మా," అన్నాను. "సరోజ ఫోన్ చేసి రమ్మనె. మిల్లులో లీవు లేదు, ఆదివారం వస్తాలే అంటిని. అత్తమ్మ నన్నే తిట్టుకుంటా ఉండారని అనుకుంటిని."

ఏడ్చాను. దాచుకోను, వెక్కి వెక్కి ఏడ్చాను. కౌన్సెలర్ నా మాట అత్తమ్మకు చేరవేయలేదు.

"ఏడవొద్దు నాయనా," అన్నారు అత్తమ్మ, కిటికీవైపే చూస్తూ. "మనం తెలిసి చేస్తిమా?"

ఇరవై నాలుగేళ్ళలో ఆమె నాతో అన్న మొదటి మాట అది.

దుఃఖం మదురైలో దిగిపోలేదు, మాతోపాటే తిరుగు బస్సెక్కింది. ఇంకా నాలుగుసార్లు రమ్మన్నారు, వెళ్తాం. కానీ ఎనిమిది నెలలుగా ఒకే ఇంట్లో ఇద్దరు నేరస్థుల్లా బతికిన మాకు ఆ శిక్ష తప్పించిన కౌన్సెలరమ్మకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మీరూ ఇలాంటి పనిమీద బయలుదేరుతుంటే ఒకటే మాట: ముందే ఫోన్ చేసి రెండు గంటలు అడిగి తీసుకోండి. మొదటి గంట 'ఏమీ లేదు' అనడానికే సరిపోతుంది.