మా మౌనిక జెరాక్సు కాదు

మా కవల ఆడపిల్లలు మేఘన, మౌనిక హిందూపురంలో పదో తరగతి చదువుతున్నారు. నిన్న సైన్సు సారు క్లోనింగ్ పాఠం చెబుతూ ఇద్దరినీ నిలబెట్టి, మేఘన ఒరిజినల్, మౌనిక జెరాక్సు అన్నాడట. క్లాసంతా అదే పేరు పట్టుకుంది. ఈ రోజు మౌనిక బడికి రానని ఏడ్చింది. ఇద్దరినీ వెంటబెట్టుకుని నేనే వెళ్లాను.

"ఊరికే తమాషాకు అంటినమ్మా," అని సారు నవ్వాడు.

"ఇద్దరూ ఒకే గుడ్డులోంచి వచ్చినారు సార్. దాంట్లో ఒరిజినల్ ఎవరో, జెరాక్సు ఎవరో మీ పుస్తకంలో యాడ రాసుండాది? చూపించండి," అన్నాను.

ఆ నవ్వు ఆగింది. చివరికి, "సారీ మౌనికా, ఇంకెప్పుడూ అనను," అన్నాడు, మేఘన వైపు చూసి!

మౌనిక నా చెయ్యి విడిపించుకుని గేటు వైపు వెళ్లిపోయింది. ఆ మనిషి చెప్పే పాఠం వినమని దానికి రేపు ఏ నోటితో చెప్పాలి? మీరే చెప్పండి.